అడిగిందే అడుగు

మా ఇంట్లో ఒక జపాను వీడియో గేమ్ మీద నలుగురికీ నాలుగు అభిప్రాయాలున్నాయి. మా అబ్బాయిది అడక్కుండానే వినిపిస్తుంది. మా ఆవిడది వంటింట్లోంచి వినిపిస్తుంది. మా అత్తగారి అభిప్రాయాన్ని ఇంటికొచ్చిన చుట్టాలు కూర్చుని, కాఫీ తాగి, అడిగి మరీ వింటున్నారు. నాది మాత్రం ఇంతవరకూ ఎవరికీ అవసరం పడలేదు. అందుకని పత్రికకి రాస్తున్నాను.

ఆట పేరు 'ఫామికామ్ డిటెక్టివ్ క్లబ్'. నింటెండో వాళ్లు తమ ఫామికామ్ అనే గేమ్ యంత్రం కోసం 1988లో జపానులో మొదలుపెట్టిన అపరాధ పరిశోధనల వరస. అందులో మొదటిది 'ది మిస్సింగ్ ఎయిర్'. మరుసటి ఏడు వచ్చింది 'ది గర్ల్ హూ స్టాండ్స్ బిహైండ్'. ఈ రెండింటికీ మేజెస్ అనే సంస్థ బొమ్మలు మళ్లీ గీయించి, గొంతులు పెట్టించి, 2021 మే నెలలో నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రం మీదకి తెచ్చింది. అప్పటిదాకా, అంటే 33 ఏళ్లపాటు, మొదటి కథ జపాను గడప దాటనేలేదు. మా బావమరిది కొడుకు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు స్విచ్‌ని మా వాడికి ఇచ్చిపోయాడు. మా వాడు ఇంజనీరింగు రెండో ఏడు. తుపాకులు పేలే ఆటలన్నీ అయిపోయాక అడుగున మిగిలిన ఈ ఆటని తెరిచి, పది నిమిషాలు చూసి, "ఇది గేమ్ కాదు నాన్నా, పీడీఎఫ్" అని నా చేతిలో పెట్టాడు.

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. ఇలాంటివాటిని విజువల్ నోవెల్ అంటారు. తెర మీద బొమ్మ, దాని కింద మాటలు. మీట నొక్కుతూ చదువుకుంటూ పోవడమే. గెంతేది లేదు, కాల్చేది లేదు. నాలాంటి మోకాళ్లున్నవాడి కోసమే కనిపెట్టినట్టుంది.

పైగా డిటెక్టివ్ కథల్లో నాకు చిన్నప్పట్నుంచీ పేరుంది. 1988లో జపాను పిల్లలు ఈ ఆట ఆడుతున్నప్పుడు నేను గుంటూరులో అద్దె పుస్తకాల షాపు ముందు నిలబడి, కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ని ఒక చేత్తో, మధుబాబు షాడోని ఒక చేత్తో పట్టుకుని, ఉన్న డబ్బుల్తో ఎవరిని ఇంటికి తీసుకెళ్లాలా అని కొట్టుమిట్టాడేవాణ్ణి. సగం పుస్తకంలోనే హంతకుడి పేరు చెప్పేస్తానని మా వీధిలో ప్రతీతి. పెళ్లిచూపుల్లో మా మేనత్త ఈ సంగతిని నా అర్హతల్లో ఒకటిగా కూడా చెప్పింది. అద్దె పుస్తకాల్లో నా ముందు చదివిన పుణ్యాత్ముడెవరో మూడో పేజీలోనే పెన్సిల్‌తో "చంపింది మేనేజరే" అని రాసి పెట్టేవాడన్న ముక్క మాత్రం ఆవిడకి తెలీదు. మా ఆవిడకి ఈ వ్యాసం అచ్చయ్యాక తెలుస్తుంది.

హంతకుడి పేరు ముందే బయటపెట్టే ఈ జబ్బు మన గుంటూరుదే అనుకునేవాణ్ణి. జపానులో 1983లో యూజీ హోరీ అనే ఆయన 'పోర్టోపియా సీరియల్ మర్డర్ కేస్' అని ఒక ఆట రాశాడు. ఈ రకం ఆటలన్నిటికీ అదే తాత. తరవాత 'డ్రాగన్ క్వెస్ట్' రాసిన మహానుభావుడు ఆయనే. ఆ పోర్టోపియాలో హంతకుడెవరో అక్కడ ఆట ఆడనివాళ్లకి కూడా తెలుసు. ఆ పేరు దేశమంతటికీ ఒక హాస్యోక్తి అయి కూర్చుంది. పెన్సిల్ పట్టుకున్నవాడు ఏ దేశంలోనైనా ఒకటే. నేను ఆ పేరు ఇక్కడ రాయను. చేతిలో పెన్సిల్ ఉంది గానీ రాయను.

ఇక కథ. కొండ కింద ఒక కుర్రాడు స్పృహ తప్పి పడి ఉంటాడు. లేచేసరికి తానెవరో గుర్తుండదు. మెల్లగా తెలిసేదేమిటంటే తానో డిటెక్టివ్ దగ్గర పనిచేసే సహాయకుడు, అయషిరో అనే పెద్ద కుటుంబంలో కికు అనే ముసలావిడ పోతే ఆ చావు సంగతి తేల్చమని అక్కడి పనిపెద్ద పిలిపించాడు. ఊరి పేరు మ్యోజిన్. చచ్చినవాళ్లు లేచొస్తారని ఆ ఊళ్లో ఒక నమ్మకం. ఆస్తి, వీలునామా, ఇల్లు వదిలి వెళ్లిపోయిన కూతురు, ఒకరి మొహం ఒకరు చూసుకోని బంధువులు. ఆటలో ఆ కుర్రాణ్ణి నడిపేది మనమే. "జ్ఞాపకశక్తి పోయినవాడి పాత్రట నాది" అని గొప్పగా చెబితే, మా ఆవిడ కూరగాయల కత్తి ఆపకుండానే, "మీకు కొత్తగా నేర్చుకోడానికేముంది?" అంది.

ఆటగాళ్లందరూ తగువులాడుకునేది ఇక్కడే. తెర పక్కన ఒక జాబితా ఉంటుంది. పిలువు, అడుగు, చూడు, ఆలోచించు, గుర్తు తెచ్చుకో, వెళ్లు. 1988లో ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఉంచారు. ఎదురుగా ఒకాయన ఉన్నాడనుకోండి. అడుగుతాం. చెప్తాడు. మళ్లీ అదే అడుగుతాం. మొదట చెప్పిందే చెప్తాడు. ఇంకోసారి అడుగుతాం. "చెప్పానుగా" అంటాడు. ఆలోచిస్తాం. ఏమీ తట్టదు. ఆయన మొహం చూస్తాం. ఇబ్బందిగా ఉంటుంది, ఆయనకీ మనకీ. మళ్లీ మొదటి ప్రశ్నే అడుగుతాం. అప్పుడు, ఏ కారణమూ లేకుండా, "అన్నట్టు..." అని అసలు ముక్క బయటపెడతాడు. ఆ ముక్కకి తాళంచెవి 'ఆలోచించు'లో ఉందో, 'చూడు'లో ఉందో ఎవరికీ తెలీదు. అన్నీ తిప్పి తిప్పి నొక్కాల్సిందే. కొత్త తరం ఆటగాళ్లకి ఒళ్లు మండేది దీనికే. "ఇన్ని డబ్బులు పెట్టి బొమ్మలు కొత్తగా గీసినవాళ్లు ఈ గోలని మార్చలేకపోయారా?" అని వాళ్ల బాధ. మా వాడు దాన్ని నాలుగు మాటల్లో తేల్చేశాడు: "బొమ్మలు 2021, బుర్ర 1988."

నేను ఈ పద్ధతిని గట్టిగా సమర్థించాను. సోఫాలో వెనక్కి వాలి ఒక ఉపన్యాసమే ఇచ్చాను. మనుషులు మొదటిసారి అడిగితే నిజం చెప్పరు, రెండోసారి విసుక్కుంటారు, మూడోసారి జారుతారు, ఇదే మానవ స్వభావం, ఇదే పోలీసు స్టేషన్లలో జరిగేది, ఆట రాసిన యోషియో సకమోటో సామాన్యుడు కాడు, 'మెట్రాయిడ్' ఆటల వెనక ఉన్నదీ ఆయనే, అని. మా ఆవిడ పొయ్యి సిమ్‌లో పెట్టి హాల్లోకొచ్చింది.

"ఏవండీ, గ్యాస్ బుక్ చేశారా?"

"చేశాను."

"చేశారా?"

"చేశానన్నానా?"

"ఎప్పుడు చేశారు?"

"చేస్తాను."

ఆవిడ మా వాడి వైపు తిరిగి, "మీ నాన్న చెప్పింది నిజమేరా. మూడోసారికి జారుతారు" అని వెళ్లిపోయింది. డిటెక్టివ్ కథలు ఇన్నేళ్లు చదివాను కదా, నన్ను నేను ఎప్పుడూ యుగంధర్ వైపే ఊహించుకున్నాను. ఎదుటి కుర్చీలో కూర్చుని చెమటలు పట్టే మనిషి కూడా కథలో ఉంటాడని, ఆ కుర్చీ కొలత నాకు సరిగ్గా సరిపోతుందని ఆ రోజు దాకా తోచలేదు. 'చూడు' సంగతి కూడా అంతే. ఆటలో గదిలోని వస్తువుల మీదకి గుర్తును జరిపి నొక్కాలి. సరైన మూల నొక్కేదాకా కథ కదలదు. దీని మీద కూడా ఆటగాళ్లు మొత్తుకుంటారు. నేను ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి "పెరుగు ఎక్కడుంది?" అని అరిచే మనిషిని. పెరుగు నా ముక్కుకి ఎదురుగానే ఉంటుంది. అలాంటివాడు అయషిరో వారి భవంతిలో ఆధారాలు వెతకడమంటే ఆ కుటుంబానికి న్యాయం జరిగినట్టే.

ఇక్కడ మా అత్తగారిని ప్రవేశపెట్టాలి. ఆవిడది తెనాలి. కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని అప్పట్లో మా ఇంట్లో విశ్రాంతి తీసుకుంటోంది. తెర చూడకూడదు, పుస్తకం చదవకూడదు. మరి ఈ ఆటలో మాటలన్నీ జపనీసు గొంతుల్లో వినిపిస్తాయి, కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఇంగ్లీషు గొంతులు పెట్టలేదని కొందరు ఆటగాళ్లు సణిగారు. మా అత్తగారికి ఆ బాధ లేదు. రెండు భాషలూ ఒకేలా రావు. అందుచేత నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాలి, ఆవిడ కళ్లు మూసుకుని గొంతులు వినాలి అని ఏర్పాటు జరిగింది.

మొదటి పది నిమిషాల్లోనే, "అల్లుడుగారూ, ఆ పిల్లాడికి ఆడమనిషి గొంతు పెట్టారేమిటి?" అంది. నేను నవ్వాను. అలాంటిదేం లేదండీ, జపాను కుర్రాళ్ల గొంతులు సన్నగా ఉంటాయి అని ఒక సిద్ధాంతం కూడా చెప్పాను. మా వాడు ఫోన్లో చూసి, "నాన్నా, అమ్మమ్మ కరెక్టు" అన్నాడు. ఆ గొంతు మెగుమి ఒగాత అనే నటీమణిది. 'ఎవాంజెలియన్' అనే జపాను కార్టూన్‌లో షింజీ అనే కుర్రాడికి గొంతిచ్చింది ఆవిడేనట. అప్పట్నుంచీ ఇంట్లో డిటెక్టివ్ ఉద్యోగం చేతులు మారింది. నాకు అనువాదకుడి పోస్టు మిగిలింది.

ఆ పోస్టు కూడా నిలుపుకోలేకపోయాను. డాక్టరుతోనో పనివాళ్లతోనో సంభాషణలు సాగుతుంటే, కుశలప్రశ్నలే కదా అని రెండు మూడు మాటలు నేనే మింగేసి, "ఏదో అన్నాడండీ, ముందుకెళ్దాం" అనేవాణ్ణి. ఓ సాయంత్రం కథ ఎటూ కదల్లేదు. అన్ని మీటలూ తిప్పి తిప్పి నొక్కాను. అత్తగారు కాసేపు ఊరుకుని, "ఇందాక ఆయన గొంతు ఒక చోట తగ్గింది. అక్కడ మీరు చెప్పిన తెలుగు మరీ చిన్నదిగా ఉంది. ఏం మింగారు?" అంది. వెనక్కి వెళ్లి చూస్తే ఆధారం అక్కడే ఉంది.

ఆస్తి గొడవల్లో ఆవిడ విద్వత్తు వేరు. తెనాలిలో మూడు తరాల వీలునామాలు ఆవిడ కళ్లముందు చిరిగాయి. అయషిరో వారి చుట్టరికాలు చెప్పడానికి నేను కాగితం మీద చెట్టు గీసుకుంటుంటే, ఆవిడ కళ్లద్దాల వెనక కళ్లు మూసుకునే, "ఎవరికొస్తుందో వద్దు, ఎవరికి రాకుండా పోతుందో చెప్పండి" అని అడిగింది. పేరు చెప్పాను. "అతనికి అప్పులున్నాయా?" అంది. అలాంటి ప్రశ్న ఆ జాబితాలో లేదు. ఉండాల్సింది.

కొత్తగా చేసిన హంగులకి నా మార్కులు నేను వేస్తాను. బొమ్మలు బొమ్మల్లా నిలబడవు. మాట్లాడేవాళ్ల భుజాలు ఊపిరికి కదుల్తాయి, రెప్పలు పడతాయి, వెనకాల మనుషులు తమ పనేదో తాము చేసుకుంటుంటారు. సహాయకురాలు అయుమి మాట వింటున్నప్పుడు తల కొంచెం పక్కకి వంచుతుంది. మాట వినేటప్పుడు నా తల కూడా అలాగే వంగాలని మా ఆవిడ అభిప్రాయం. సంగీతం కొత్తది పెట్టారు, కావాలంటే ఫామికామ్ నాటి పాతది కూడా పెట్టుకోవచ్చు. మూలం మీద గౌరవంతో నేను పాతది పెట్టాను. "నాన్నా, ఎవరి ఫోనో మోగుతోంది" అన్నాడు మా వాడు. కొత్తదానికి మార్చాను. మూలం మీద గౌరవం అలాగే ఉంది.

భయం మాత్రం పాతదే, నాణ్యమైనది. సకమోటోకి ఇటలీ దర్శకుడు డారియో అర్జెంటో సినిమాలంటే పిచ్చి. భయపెట్టడం వాటిలోనే నేర్చుకున్నానని 2010లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గేమ్ తయారీదార్ల సభలో చెప్పుకున్నాడు కూడా. సంగీతాన్ని ఎక్కడ మొదలెట్టాలో కాదు, ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు. అందాకా మోగుతున్నది ఠక్కున ఆగిపోతుంది. తెర మీద ఏమీ జరగదు. ఇప్పుడేదో జరుగుతుందని మనకి తెలుసు. సరిగ్గా ఆ క్షణంలో మా ఆవిడ వెనక నుంచి "గ్యాస్ బుక్ చేశారా?" అంది. నా చేతిలో టీ అత్తగారి దుప్పటి మీద పడింది. అర్జెంటోకి తెలియని కిటుకు అది.

ఆటగాళ్ల ఫిర్యాదుల్లో ధర కూడా ఒకటి. ఒక్కో కథ 35 డాలర్లకి ఒక్క సెంటు తక్కువ. కొన్ని సాయంత్రాల్లో అయిపోయే పీడీఎఫ్‌కి అంత ఎక్కువని వాళ్ల లెక్క. 1988లో కొన్నవాళ్ల అవస్థ ఇంకా గొప్పది. అప్పట్లో మొదటి కథని రెండు డిస్కులుగా విడదీసి, పూర్వభాగాన్ని ఏప్రిల్ 27న, ఉత్తరభాగాన్ని జూన్ 14న అమ్మారు. మధ్యలో నెలన్నర పైగా హంతకుడు హాయిగా తిరిగాడు. అత్తగారికి ఇది చెబితే ఏమీ ఆశ్చర్యపోలేదు. వారపత్రికల్లో 'సశేషం' చూసి చూసి పెరిగిన తరం. "నెలన్నరేగా" అంది.

మా వాడు మాత్రం తన వాదం వదల్లేదు. "మనకి కావాల్సింది మనం టైప్ చేసి అడిగేలా ఉండాలి నాన్నా. ఈ రోజుల్లో ఏఐ ఉంది." వాడికి తెలీని చరిత్ర నాకు తెలుసు కాబట్టి ఆ ఒక్కసారి నా మొహం వెలిగింది. పోర్టోపియా మొదట వచ్చినప్పుడు ఆటగాళ్లు టైప్ చేసే అడిగేవారు. ఏ మాట రాస్తే కథ కదుల్తుందో తెలీక జుట్టు పీక్కునేవారు. 1985లో ఫామికామ్‌కి తెచ్చేటప్పుడు దానికి కీబోర్డు లేదు గనక ఈ జాబితా పెట్టారు. అంటే మా వాడు తిట్టుకుంటున్న 'అడుగు, చూడు'లే ఒకప్పుడు సౌకర్యం. ఇక 2023లో స్క్వేర్ ఎనిక్స్ వాళ్లు అదే పోర్టోపియాని ఏఐ నమూనాగా మళ్లీ తయారుచేసి, మీ ఇష్టమొచ్చినట్టు టైప్ చేసుకోండి అని స్టీమ్ అనే ఆటల దుకాణంలో ఉచితంగా పెట్టారు. ఆటగాళ్లు దాన్ని ఉతికి ఆరేశారు. ఏం రాసినా పక్కనున్న కుర్ర పోలీసు "హ్మ్..." అని ఊరుకుంటాడని వాళ్ల గోల. ఉచితంగా ఇస్తేనే అన్ని తిట్లు పడ్డాయంటే ఊహించుకోండి. స్వేచ్ఛగా ఏమైనా అడగొచ్చంటే మనిషికి వచ్చే జవాబు "హ్మ్". జాబితాలో అడిగితే నాలుగోసారికైనా జవాబొస్తుంది. నేను పాత పద్ధతి వైపే. ఇందులో స్వార్థం ఉందని మా ఆవిడ అంటుంది. మా ఇంట్లో "హ్మ్" అనేది ఎవరో ఆవిడకి తెలుసు.

2024 ఆగస్టులో ఈ వరసలోనే 'ఎమియో: ది స్మైలింగ్ మ్యాన్' అని కొత్త కథ కూడా వచ్చింది. నవ్వు మొహం గీసిన కాగితపు సంచీ తలకి తొడిగిన శవంతో మొదలవుతుంది. అందులోనూ అదే జాబితా. ముఖ్యమైన మాటలకి రంగు వేసి కాస్త దారి చూపిస్తారట. మా వాడు "చూశావా, దారికొచ్చారు" అన్నాడు. రంగు వేస్తే అత్తగారికి ఉపయోగమేముంది?

రెండో కథ, వెనక నిలబడే పిల్ల కథ, మొదటిదానికంటే నాకు ఎక్కువ నచ్చింది. కొంత మేరకే చెప్తాను, ఎందుకంటే నేను చూసింది అంతే. నదిలో ఒక బడిపిల్ల శవం దొరుకుతుంది. ఆ బళ్లో రక్తంతో తడిసిన అమ్మాయి వెనక నిలబడుతుందని ఒక దయ్యం కథ. దానికీ పదిహేనేళ్ల కిందటి హత్యకీ ముడి. అప్పటి జపాను చట్టంలో హత్యకి కూడా గడువు ఉండేది, పదిహేనేళ్లు దాటితే కేసు పెట్టడానికి వీల్లేదు. 2010లోగానీ ఆ గడువు ఎత్తెయ్యలేదు. కొత్తగా చేసినప్పుడు కూడా కథని ఆ కాలంలోనే ఉంచినందుకు ఆ గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. సెల్‌ఫోన్లు, సీసీ కెమెరాలు తెచ్చి పెట్టుంటే హంతకుడు మొదటి అధ్యాయంలోనే దొరికిపోయేవాడు. ఈ ఒక్క విషయంలో పాత బుర్రని కదపనందుకు మా వాడు కూడా ఒప్పుకున్నాడు. పదిహేనేళ్లు దాటితే తప్పించుకోవచ్చన్న మాట వినగానే నాకు ఒక ఆశ పుట్టింది. మా పెళ్లయిన కొత్తలో పోయిన ఇత్తడి మరచెంబు సంగతి మా ఆవిడ ఇప్పటికీ విచారిస్తోంది. "మన చట్టంలో గడువు లేదు" అంది, నేను నోరు తెరవకముందే.

అత్తగారి కళ్లద్దాలు తీసేశారు. నా అనువాదం అవసరం తీరిపోయింది. మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా తల్లీకూతుళ్లు ఆడేసుకుంటున్నారు. ఇంగ్లీషు మా ఆవిడే చదివి చెప్తుందట, ఏమీ మింగకుండా. నిన్న ఇంటికొచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది, ఇద్దరూ గోంగూర ఒలుస్తున్నారు.

"కథెంతవరకూ వచ్చింది?" అన్నాను.

"ఎక్కడా రాలేదు. ఆడలేదు ఇవాళ."

కాళ్లు కడుక్కుని వచ్చి మళ్లీ అడిగాను.

"చెప్పాగా."

అత్తగారి వైపు చూశాను. ఆవిడ గోంగూర కాడని పరీక్షగా చూస్తోంది. టీవీ మీద చెయ్యి పెట్టాను. వేడిగానే ఉంది. బల్ల మీద నా ఆఫీసు డైరీ తెరిచి ఉంది. అందులో మా ఆవిడ చేతిరాతతో ఏడు జపాను పేర్లు. నాలుగు కొట్టేసి ఉన్నాయి, ఒకదాని చుట్టూ గట్టిగా సున్నా చుట్టి ఉంది.

"ఈయన చుట్టూ సున్నా ఎందుకు?"

"గ్యాస్ వచ్చిందా అని ఏజెన్సీ వాళ్లకి ఫోన్ చేశారా?"

భోజనాలయ్యాక మళ్లీ అడిగాను. "హ్మ్" అంది.